పాంతలియోని ‘ప్యూర్ ఎకనామిక్స్’ పునర్ముద్రణ: పుస్తకం వచ్చింది, మనిషి రాలేదు

అర్థశాస్త్ర సిద్ధాంతాల చరిత్ర కాస్త చదివినవారికైనా విల్‌ఫ్రెడో పరేటో పేరు పరిచితమే. ఇంజనీరుగా జీవితం మొదలుపెట్టిన ఆయనను గణిత అర్థశాస్త్రం వైపు తిప్పిన పుస్తకం 1889లో ఫ్లోరెన్సు నగరం నుంచి బర్బేరా ప్రచురణగా వెలువడిన ‘ప్రిన్సిపీ ది ఎకనోమియా పూరా’, అంటే ‘శుద్ధ అర్థశాస్త్ర సూత్రాలు’. రచయిత ఇటలీ ఆర్థికవేత్త మఫెయో పాంతలియోని. దానికి టి. బోస్టన్ బ్రూస్ చేసిన ఆంగ్లానువాదాన్ని లండన్‌లో మాక్‌మిలన్ సంస్థ 1898లో ‘ప్యూర్ ఎకనామిక్స్’ పేరుతో ప్రచురించింది. ఇటాలియన్ రాని నాబోటి పాఠకులు ఈ రచయితను చేరడానికి ఆ అనువాదమే దారి కాబట్టి, ఆర్డరు అందిన తర్వాతే ఒక్కో ప్రతి అచ్చువేసి పంపే ఒక పునర్ముద్రణ సంస్థ నుంచి దాన్ని తెప్పించుకున్నాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిలు పట్టుకుని నిదానంగా చదివిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. మెత్తటి అట్ట, సుమారు మూడు వందల పేజీలు, తెల్లటి మందపాటి కాగితం. బైండింగు గట్టిగానే ఉంది. రెండుసార్లు తిరగేసినా ఒక్క కాగితమూ ఊడలేదు. అయితే ఇది మళ్లీ అక్షరాలు కూర్చి అచ్చువేసిన పుస్తకం కాదు, ఏదో గ్రంథాలయంలోని పాత ప్రతిని స్కాన్ చేసి ఆ బొమ్మలనే కాగితం మీదికి దించినది. ఆ గ్రంథాలయపు గుండ్రటి ముద్ర శీర్షిక పుటలో సగం అక్షరాల మీద పడి ఉంది. ఒకచోట స్కాన్ చేసినవారి బొటనవేలి నీడ పేజీ అంచున మసిమరకలా మిగిలిపోయింది. వీటిని నేను పట్టించుకోను, పాత పుస్తకమంటే ఆ మాత్రం సహించాల్సిందే. పట్టించుకోవాల్సింది రేఖాచిత్రాల సంగతి. ఈ పుస్తకంలో వాదన సగం వక్రరేఖల మీద నడుస్తుంది. ఒక బిందువు దగ్గర నుంచి అక్షం మీదికి దించిన చుక్కల గీత ఏ అక్షరం దగ్గర ఆగిందో కనిపించకపోతే ఆ పేరా మొత్తం గాలిలో వేలాడుతుంది. నాకు వచ్చిన ప్రతిలో సన్నటి చుక్కల గీతలు చాలాచోట్ల పూర్తిగా మాయమయ్యాయి. అక్షాల దగ్గరి చిన్న అక్షరాల్లో ఏది ‘సి’యో ఏది ‘జి’యో పోల్చుకోలేం. పాఠం చదువుతూ ఆ గీతలను నేనే పెన్సిలుతో తిరిగి గీసుకున్నాను. దానివల్ల విషయం బాగా ఒంటబట్టిన మాట నిజమే కానీ, ఆ పని కొనుక్కున్నవాడితో చేయించకూడదు. పాదసూచికలు కూడా చిన్న అక్షరాలు అలుక్కుపోయి కళ్లకు శ్రమే. పాంతలియోని తన పాదసూచికల్లోనే జెవన్స్, గోసెన్, మెంగర్, మార్షల్ వంటి ఆర్థికవేత్తలతో మాట్లాడతారు కాబట్టి వాటిని వదిలేసి ముందుకు పోవడానికి లేదు.

ఇవన్నీ సర్దుకుపోగలిగిన లోపాలు. ఈ కూర్పు మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. పుస్తకం ముందు గానీ వెనుక గానీ రచయిత ఎవరో చెప్పే ఒక్క పుట లేదు. వెనుక అట్ట మీద నాలుగు వాక్యాలున్నాయి. అవి ఏ పాత పుస్తకానికైనా సరిపోయే వాక్యాలు: ఇది విలువైన గ్రంథమనీ, భావితరాల కోసం భద్రపరుస్తున్నామనీ. పాంతలియోని ఎప్పుడు పుట్టారో, ఎక్కడ పాఠం చెప్పారో, ఈ పుస్తకం రాసిన మూడు దశాబ్దాలకు ఎక్కడ తేలారో పాఠకుడికి తెలియదు. ఇదే పేజీలు రాసిన చేయి 1920లో ఫ్యూమే పట్టణంలో, దాన్ని ఆక్రమించిన కవి గాబ్రియేలె దన్నున్‌జియో ప్రభుత్వానికి ఆర్థిక శాఖ నడిపిందనీ, యూదులను ద్వేషిస్తూ వ్యాసాలు రాసిందనీ, ముస్సోలినీని స్వాగతించిందనీ తెలియకుండా ఈ పుస్తకాన్ని చదవవచ్చు. నేను మొదటిసారి దాదాపు అలాగే చదివాను. రెండోసారి ఆ జీవితం తెలుసుకుని చదివితే అవే పేజీలు వేరే రకంగా అర్థమయ్యాయి.

పుస్తకం తెరవగానే ఒక నిర్వచనం ఎదురవుతుంది. మనుషులు తమ కోరికలను వీలైనంత ఎక్కువగా, వీలైనంత తక్కువ వ్యక్తిగత త్యాగంతో తీర్చుకోవాలన్న ఒక్క ప్రేరణతోనే నడుస్తారని అనుకుంటే, ఆ ఒక్క పరికల్పన నుంచి క్రమపద్ధతిలో రాబట్టిన సంపద నియమాలే అర్థశాస్త్రమని పాంతలియోని చెబుతారు. మనుషులు నిజంగా అలాగే ఉంటారని ఆయన అనడం లేదు. అలా ఉంటే ఏం జరుగుతుందో చూద్దాం రమ్మంటున్నారు. రేఖాగణితం నేర్పే అయ్యవారు వెడల్పు లేని గీతను ఊహించుకోమన్నట్టే ఇదీ. తర్వాత మూడు భాగాలు: ప్రయోజన సిద్ధాంతం, విలువ సిద్ధాంతం, ఆ విలువ సిద్ధాంతాన్ని ద్రవ్యం, భాటకం (భూమి వంటి వాటి మీద వచ్చే అద్దె), వేతనాలు వంటి వాటికి అన్వయించడం. ఉపాంత ప్రయోజనం, అంటే వస్తువులో చివరిగా చేరిన ముక్క ఇచ్చే అదనపు తృప్తి, అనే భావాన్ని ఇంగ్లండు, ఆస్ట్రియా, స్విట్జర్లాండుల్లో వేర్వేరుగా కనుగొన్నవారి ఆలోచనలను ఇంత చిన్న పుస్తకంలో ఒక్క తాటి మీదికి తేవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. బోధన కూడా స్పష్టంగా ఉంటుంది. మొదటి భాగంలో, ఒక వస్తువును కొద్దికొద్దిగా అనుభవిస్తూ పోతే ప్రతి తదుపరి ముక్క ఇచ్చే తృప్తి ఎలా తరుగుతుందో, ఒకే వనరును రెండు మూడు అవసరాలకు పంచుకునేటప్పుడు చివరి ముక్కలు ఇచ్చే తృప్తి ఎందుకు సమానం కావాలో ఆయన మెట్టుమెట్టుగా చెప్పే తీరు నేను చదివిన చాలా ఆధునిక పాఠ్యపుస్తకాల కన్నా మేలు. బ్రూస్ అనువాదం అలంకారాలు లేని, నిలకడైన ఇంగ్లీషులో సాగుతుంది. ఎక్కడా నాకు రెండర్థాలు తోచలేదు.

మూడో భాగం మాత్రం నన్ను అంతగా ఆకట్టుకోలేదు. ద్రవ్యం గురించి చెప్పేటప్పుడు అది తన కాలపు చర్చలకు కట్టుబడిపోయింది. ఓపిక లేనివారు దాన్ని తిరగేసి వదిలేయవచ్చు.

మొదటి అధ్యాయంలో ఒక చోట మాత్రం తప్పక ఆగాలి. స్వార్థాన్ని ఆయన రెండుగా విడదీస్తారు. ఒకటి వ్యక్తి స్వార్థం. రెండోది జీవజాతి స్వార్థం, అంటే తన ఒక్కడికి నష్టమైనా తన సమూహం నిలవడానికి మనిషి చేసే పనుల వెనుక ఉండేది. వ్యక్తికి గరిష్ఠ సుఖమిచ్చేదీ సమూహానికి గరిష్ఠ సుఖమిచ్చేదీ ఒకటే కానక్కర్లేదని కూడా గుర్తిస్తారు. తర్వాత తన శాస్త్రానికి మొదటిదాన్ని ఆధారంగా తీసుకుని, రెండోదాన్ని పక్కన పెట్టి ముందుకు సాగిపోతారు. మొదటిసారి చదివినప్పుడు ఈ చోట నేను పెన్సిలు గీత కూడా పెట్టలేదు. ఆయన తర్వాతి జీవితం తెలిసి మళ్లీ వచ్చినప్పుడు, పక్కన పెట్టిన ఆ రెండో స్వార్థమే ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి ఆయనను పట్టుకుందని నాకు అనిపించింది. ఇది నా ఊహే, పుస్తకంలో దానికి రుజువు దొరకదు. అయినా పుస్తకం అమ్మేవారు పాఠకుడికి ఇవ్వాల్సిన సామగ్రి ఏమిటో ఈ ఒక్క చోటు చూస్తే తెలుస్తుంది.

సంస్థ ఇవ్వని ఆ పరిచయాన్ని, కొనబోయేవారి కోసం, నాకు తెలిసినంత మేరకు ఇక్కడ ఇస్తున్నాను.

పాంతలియోని 1857లో రోము దగ్గర ఫ్రస్కాతిలో పుట్టారు. తండ్రి దియోమెదె వైద్యుడు, ఇటలీ ఏకీకరణ కోసం పనిచేసిన ఉదారవాది, తర్వాత సెనేటరు. తల్లి ఐరిష్ మూలాలున్న మహిళ. చిన్నప్పుడు కొంతకాలం జర్మనీలో చదువుకున్న కుర్రవాడు రోములో న్యాయశాస్త్ర పట్టా పొంది, 1882లో పన్ను భారం ఒకరి నుంచి మరొకరికి ఎలా బదిలీ అవుతుందో వివరించే గ్రంథంతో శాస్త్రలోకంలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో, ప్రభుత్వ వ్యయాన్ని ఏ పద్దుకు ఎంత కేటాయించాలో పార్లమెంటు నిర్ణయించేటప్పుడు కూడా ఉపాంత ప్రయోజనాల తూకమే పనిచేస్తుందనీ, ఆ తూకం పట్టేది సగటు పార్లమెంటు సభ్యుడి బుద్ధి అనీ చెప్పారు. ఆ తర్వాత దేశంలోని ప్రాంతాల సంపదను లెక్కగట్టి, దక్షిణ ఇటలీ తన సంపద వాటా కన్నా ఎక్కువ పన్ను భారం మోస్తోందని చూపించారు. అంకెలతో మాట్లాడే మనిషి. అంకెలు ఎవరికి ఇబ్బందిగా ఉన్నా మాట వెనక్కి తీసుకోని మనిషి. బారీ నగరంలోని వాణిజ్య పాఠశాలకు అధిపతిగా ఉంటూ ప్రభుత్వపు సుంకాల విధానాన్ని విమర్శించి, 1892లో ఆ పదవి పోగొట్టుకున్నారు. అంతకు రెండేళ్ల ముందే, 1890లో, ఆంటోనియో దె వీతి దె మార్కో, ఉగో మద్‌జోలా అనే ఇద్దరు మిత్రులతో కలిసి ‘జర్నాలె దెల్యి ఎకనోమిస్తి’ పత్రికను చేతిలోకి తీసుకుని, దాన్ని స్వేచ్ఛా వాణిజ్యవాదానికీ కొత్త సిద్ధాంతానికీ వేదికగా మార్చారు. పరేటోను ఆయన లియోన్ వాల్రా అనే ఆర్థికవేత్తకు పరిచయం చేయగా, 1893లో స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయంలో వాల్రా వదిలిన ఆచార్య పీఠం పరేటోకు దక్కింది.

ఇక 1892 డిసెంబరు. ఈ ఘట్టం తెలియకపోతే మిగిలిన జీవితం అర్థం కాదు కనుక కాస్త వివరంగా చెబుతాను. అప్పట్లో ఇటలీలో నోట్లు జారీ చేసే బ్యాంకులు ఆరు ఉండేవి. వాటిలో బంకా రొమానా తనకు అనుమతించిన పరిమితిని దాటి నోట్లు జారీ చేయడమే కాక, అంతకుముందే జారీ అయిన నోట్ల వరుస సంఖ్యలతోనే మళ్లీ నోట్లు అచ్చువేయించింది. రాజకీయ నాయకులకు ధారాళంగా అప్పులిచ్చింది. 1889లో జాకోమో ఆల్విసి అనే సెనేటరు ఆధ్వర్యంలో తనిఖీ జరిగి ఈ బాగోతం బయటపడినా, ఆ నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టింది. ఆల్విసి చనిపోయే ముందు నివేదిక ప్రతిని లియోనె వోల్లెంబోర్గ్ అనే మిత్రుడికి అప్పగించారు. ఆయన నుంచి అది పాంతలియోనికి చేరింది. పాంతలియోని దాన్ని నపోలియోనే కొలయాన్ని అనే సిసిలీ సభ్యుడికి అందేలా చూశారు. 1892 డిసెంబరు 20న కొలయాన్ని సభలో లేచి ఆ నివేదికలోని విషయాలు చదివారు. నెల తిరక్కుండానే బంకా రొమానా గవర్నరు బెర్నార్డో తన్లోంగో అరెస్టయ్యారు. ఆ తన్లోంగోను కొన్ని వారాల ముందే సెనేటరుగా నియమించబోయిన ప్రధాని జొవాన్ని జొలిట్టి మంత్రివర్గం 1893 నవంబరులో పడిపోయింది. ఆ ఏడాదే బ్యాంక్ ఆఫ్ ఇటలీ ఏర్పడింది. తన్లోంగోను మాత్రం 1894లో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది.

‘ప్యూర్ ఎకనామిక్స్’ మూడో భాగంలో ద్రవ్యం గురించిన పేజీలు నాకు పొడిగా అనిపించాయని పైన రాశాను. అవి రాసిన మూడేళ్లకు దొంగ సంఖ్యల నోట్ల గుట్టు విప్పడంలో ఈ మనిషి చేయి ఉందని తెలిశాక వాటిని అంత పొడిగా చదవలేకపోయాను. అదీగాక, శుద్ధ సిద్ధాంతం రాసే మనిషి బల్ల దగ్గరే కూర్చుని ఉంటాడన్న మన అలవాటు ఊహ ఇక్కడ చెల్లదు. 1895లో ఆయన, రెండేళ్ల ముందు కూలిపోయిన క్రెదితో మొబిలియారె అనే పెద్ద బ్యాంకు పతనం మీద సుదీర్ఘ అధ్యయనం రాశారు. ఒక బ్యాంకు ఎలా కూలుతుందో దాని ఆస్తి అప్పుల పట్టీలను పట్టుకుని చూపించిన పని అది.

తర్వాత కొన్నేళ్లు జెనీవాలో, ఆపై పావియాలో పాఠం చెప్పి, 1900లో రాడికల్ పక్షాన మచెరాటా నుంచి పార్లమెంటుకు ఎన్నికై, ఆ వెంటనే రోము విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. జెనీవాలో 1897 నాటి ప్రసంగంలో ఆయన అన్న మాట ప్రసిద్ధం: అర్థశాస్త్రంలో ఉన్నవి రెండే సంప్రదాయాలు, ఆ శాస్త్రం తెలిసినవారిది ఒకటి, తెలియనివారిది రెండోది. దీన్ని చమత్కారంగా ఉటంకిస్తూ ఉంటారు. నాకు మాత్రం అందులో ప్రమాద సూచన వినిపిస్తుంది. అభిప్రాయ భేదాన్ని అజ్ఞానంగా చూసే అలవాటు తరగతి గదిలో ఉన్నంతకాలం ఫరవాలేదు. అది వీధిలోకి వచ్చినప్పుడు ఎదుటివాడు కేవలం తెలియనివాడుగా మిగలడు, శత్రువవుతాడు.

ఈ మలుపు అర్థం కావడానికి మరో రెండు వ్యాసాలు చూడాలి. ఈ పునర్ముద్రణకు అనుబంధంగా వాటిని చేర్చి ఉంటే ఎంత బాగుండేదో. మొదటిది 1898లో ‘ఎకనామిక్ జర్నల్’లో ఆంగ్లంలోనే వచ్చింది. బలవంతుడు, బలహీనుడు అన్న మాటలకు అర్థశాస్త్రంలో ఏమి అర్థముందో అందులో వెతుకుతారు. మనుషుల మధ్య సంబంధాల్లో దోచుకునేవి, పరాన్నజీవులవంటివి, పరస్పరం మేలు చేసుకునేవి అని తేడా చూపుతారు. రెండోది 1911 నాటి రాజకీయ ధరల వ్యాసం. సంతలో ధర అందరికీ ఒకటే. కొనేవాడు ఎవరన్నదాన్ని బట్టి, ఏ వర్గానికి చెందినవాడన్నదాన్ని బట్టి ప్రభుత్వం మార్చి వేసే ధర రాజకీయ ధర. అటువంటి ధరలు బతికేది తమ చుట్టూ ఉన్న మామూలు ధరల వ్యవస్థ మీద ఆధారపడేనని, పన్నులూ రాయితీలూ కలగలిసిన ప్రభుత్వ విధానం ఒక హద్దు దాటితే తనను మోసే చెట్టునే ఎండగడుతుందని వాదన. పదునైన వ్యాసం. ప్రజా వ్యయాన్ని గురించి ఆలోచించేవారు ఈనాటికీ చదవదగినది. దీన్ని పైన చెప్పిన 1883 నాటి వ్యాసం పక్కన పెట్టి చూస్తే పార్లమెంటు మీద ఆయన నమ్మకం ఎంతగా సడలిపోయిందో తెలుస్తుంది. 1883లో ఆయన దృష్టిలో పార్లమెంటు ప్రయోజనాలను తూకం వేసే సభ. 1911 నాటికి అది ఒకరి జేబు నుంచి తీసి ఇంకొకరికి పంచే చోటు. మధ్యలో ఉన్నది బంకా రొమానా.

1914 తర్వాత ఆయన భాషే మారిపోయింది. ఇటలీ యుద్ధంలో దిగాలని గట్టిగా వాదించినవారిలో ఒకరయ్యారు. తాను చదువుకున్న జర్మనీ మీద, సోషలిస్టుల మీద, తటస్థవాదుల మీద, అన్నిటికన్నా మించి జొలిట్టి మీద యుద్ధకాలమంతా వ్యాసాలు గుప్పించి పుస్తకాలుగా వేశారు. జొవాన్ని ప్రెత్సియోసి అనే మాజీ మతాచార్యుడు నడిపిన ‘లా వీతా ఇతలియానా’ పత్రికతో చేయి కలిపారు. ఆ పత్రిక జర్మన్ పెట్టుబడితో 1894లో ఏర్పడిన బంకా కొమెర్చాలె ఇతలియానాను జర్మనీ చేతిలోని ఆయుధంగా చిత్రిస్తూ ప్రచారం సాగించింది, క్రమంగా యూదు వ్యతిరేకతకు ఇటలీలో ప్రధాన వేదికగా మారింది. పాంతలియోని కూడా అందులో ఆ ద్వేషాన్ని వెళ్లగక్కుతూ రాశారు. ఒక బ్యాంకు తప్పు చేసిందో లేదో దాని పద్దుల్లో వెతకాలని 1895లో తన చేతలతో నేర్పిన మనిషి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి దాన్ని నడిపేవారి పుట్టుకలో వెతికే మనుషుల పక్కన చేరారు. నాకు ఈ జీవితంలో అత్యంత బాధ కలిగించేది ఇదే. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. బంకా రొమానా నివేదికను ఆయనకు అందించిన లియోనె వోల్లెంబోర్గ్, 1883లో లొరెజ్జాలో ఇటలీకి మొదటి గ్రామీణ పరపతి సంఘాన్ని స్థాపించిన ఆ మంచి మనిషి, యూదు కుటుంబంలో పుట్టినవారు. పాంతలియోని జీవితంలో అతి గౌరవప్రదమైన ఘడియ ఒక యూదుడి చేతి మీదుగా వచ్చింది.

1919 సెప్టెంబరులో కవి దన్నున్‌జియో తన అనుచరులతో ఫ్యూమే పట్టణాన్ని ఆక్రమించారు. 1920లో అక్కడ ప్రకటించుకున్న ప్రభుత్వంలో పాంతలియోని ఆర్థిక వ్యవహారాల బాధ్యత తీసుకున్నారు. ఆ ప్రభుత్వపు రాజ్యాంగ పత్రాన్ని ప్రధానంగా రాసినది ఆల్చెస్తె దె ఆంబ్రిస్ అనే కార్మిక సంఘవాది. అందులో ఆస్తి వ్యక్తికి సంపూర్ణమైన హక్కు కాదు, సమాజం పట్ల నెరవేర్చాల్సిన బాధ్యత; ఉత్పత్తిదారులంతా పది వృత్తి సంఘాల్లో సభ్యులు. ‘ప్యూర్ ఎకనామిక్స్’ మొదటి వాక్యంతో దీన్ని ఎలా జత చేస్తారు? జత కుదరదు. అక్కడికి ఆయనను తీసుకెళ్లినది సిద్ధాంతం కాదని నా అభిప్రాయం. రోములో కూర్చున్న పార్లమెంటు రాజకీయాల మీద ముప్పై ఏళ్లుగా పేరుకున్న అసహ్యం ఆయనను అక్కడికి తీసుకెళ్లింది. 1920 చివర్లో క్రిస్మస్ రోజుల్లో ఫ్యూమే మీదికి సైన్యాన్ని పంపి ఆ ప్రయోగానికి తెరదించిన ప్రధాని మళ్లీ జొలిట్టియే. 1892లోనూ ఆయనే, 1920లోనూ ఆయనే. పాంతలియోని కళ్లకు ఇటలీ రాజకీయం మొత్తం ఒకే ముఖంలా కనిపించిందంటే అందులో కొంత కారణం లేకపోలేదు. అయితే ఆ కారణం ద్వేషానికి సాకు కాజాలదు.

1922లో ‘ఇటలీ బోల్షివిజం’ అనే పేరుతో తన రాజకీయ వ్యాసాలను పుస్తకంగా తెచ్చారు. ఆ అక్టోబరులో ముస్సోలినీ అధికారంలోకి వచ్చినప్పుడు స్వాగతించారు. కొత్త ఆర్థిక మంత్రి అల్బెర్తో దె స్తెఫాని కూడా అర్థశాస్త్రజ్ఞుడే. ఖర్చులు తగ్గించి, పన్నులు సరళం చేసి, ప్రభుత్వ వ్యాపారాలను వదిలించుకుంటానన్నారు. రాజకీయ ధరల వ్యాసం రాసిన మనిషికి ఇది ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. పార్లమెంటు చేయలేని పనిని పార్లమెంటు లేకుండా చేయించుకోవచ్చునన్న ఆశ అది. 1923లో ఆయనను సెనేటరుగా నియమించారు. 1924 జూన్‌లో సోషలిస్టు నాయకుడు జాకోమో మత్తెయోత్తి హత్య జరిగింది. అదే ఏడాది అక్టోబరు 29న పాంతలియోని మిలాన్‌లో మరణించారు. ‘ఎకనామిక్ జర్నల్’లో ఆయనకు నివాళి రాసినవారిలో ఒకరు యువ పియెరో స్రఫా. రెండేళ్ల ముందు ఇటలీ బ్యాంకుల మీద ‘మాంచెస్టర్ గార్డియన్’ అనుబంధంలో రాసిన వ్యాసంతో ముస్సోలినీ ఆగ్రహానికి గురైన ఆర్థికవేత్త ఆయన. ఫాసిజాన్ని వ్యతిరేకించిన యువకుడే ఈ పెద్దాయన శాస్త్రీయ కృషికి నివాళి రాయడానికి వెనుకాడలేదు. ఆ రెంటినీ వేరుచేసి చూడగల పాఠకుడు ఆనాడే ఉన్నాడన్నమాట.

అదే శిక్షణ, అదే పత్రిక, అదే స్వేచ్ఛా వాణిజ్య పోరాటం ఉన్న దె వీతి దె మార్కో కూడా 1915లో యుద్ధంలో దిగాలన్నవారే. కానీ ఆయన ఫాసిజం వైపు వెళ్లలేదు. 1931లో ఆచార్యులంతా పాలకులకు విధేయత ప్రమాణం చేయాలన్నప్పుడు, అలా చేయడం ఇష్టంలేక రోము విశ్వవిద్యాలయంలోని తన పీఠాన్ని వదులుకున్నారు. కాబట్టి ఈ పుస్తకంలోని సిద్ధాంతమే మనిషిని జాతీయోన్మాదం వైపు నెట్టిందని చెప్పేవారి మాట నేను ఒప్పుకోను. అలాగని సిద్ధాంతానికీ జీవితానికీ సంబంధమే లేదన్న మాటా ఒప్పుకోను. మనుషులంతా ఒకే లెక్కతో నడుస్తారన్న పరికల్పనతో చక్కటి శాస్త్రం కట్టిన మేధావి, లెక్కకు లొంగని మనుషులతో కూడిన సభను భరించలేకపోయారు. ఆ అసహనం ఈ పుస్తకంలో ఉంది. ప్రత్యర్థి సిద్ధాంతాలను కొట్టిపారేసే పాదసూచికల్లో దాన్ని చూడవచ్చు. అలుక్కుపోయిన ఆ చిన్న అక్షరాలను కష్టపడి చదవమని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక కొనాలా వద్దా అన్న ప్రశ్న. ఉపాంత ప్రయోజన సిద్ధాంతం ఎలా రూపుదిద్దుకుందో మూలంలోనే చూడాలనుకునే విద్యార్థులకు, అధ్యాపకులకు మొదటి రెండు భాగాల కోసమైనా ఈ పుస్తకం ఉండదగినది. అయితే ఈ కూర్పునే కొనమని చెప్పలేను. పాత కాపీరైటు తీరిపోయిన పుస్తకం కాబట్టి అనేక సంస్థలు దీన్ని అచ్చువేసి అమ్ముతున్నాయి, స్కానులు కూడా ఉచితంగా దొరుకుతాయి. ముందుగా ఆ స్కానుల్లో రేఖాచిత్రాలున్న పేజీలు తెరిచి చూసి, చుక్కల గీతలు కనిపించే ప్రతి ఏదో గుర్తించి, దాని నుంచి తీసిన ముద్రణనే అడగడం మంచిది. నమూనా పేజీలు చూపించని అమ్మకందారు దగ్గర కొనవద్దు. నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు. సంస్థకు రాసి రెండు రేఖాచిత్రాల ఫొటోలు పంపితే, మూల ప్రతి ఎలా ఉంటే ముద్రణ అలాగే వస్తుందని మర్యాదగా జవాబిచ్చారు. పరిచయ పుట లేదన్న ఫిర్యాదుకు జవాబు రాలేదు.

అందుకని నా ప్రతిలో ముందు అట్ట లోపలివైపు ఒక తెల్లకాగితం అతికించి, పైన రాసిన జీవితాన్ని పది పన్నెండు వాక్యాల్లో చేతిరాతతో ఎక్కించుకున్నాను. అందులో వోల్లెంబోర్గ్ పేరు కింద రెండు గీతలు పెట్టాను. ఈ పుస్తకం తర్వాత చదవడానికి నా దగ్గర తీసుకునేవారు ముందుగా ఆ కాగితం చదివి, ఆ తర్వాతే మొదటి అధ్యాయం తెరవాలని నా కోరిక.